ఉప్పు డబ్బా, పంచదార డబ్బా

(పశ్చిమ గోదావరి జిల్లాలోని ఒక శాఖా గ్రంథాలయంలో, గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా జరిగిన మహిళల సభలో, పదవీ విరమణ చేసిన ఒక ఆరోగ్య కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వంటలు తొందరగా ముగించుకుని, కొందరు పని కూడా మానుకుని వచ్చారు. పిల్లల్ని చంకనేసుకుని వచ్చిన తల్లులు ముందుకొచ్చి కూర్చోండమ్మా, ఇక్కడ ఫ్యాను ఉంది.

ఈ బల్ల మీద సామాను చూసి ఏమిటా అనుకుంటున్నారు. ఒక లీటరు నీళ్ల సీసా, ఉప్పు డబ్బా, పంచదార డబ్బా, ఒక టీ చెంచా, కూరలు తరిగే చాకు. వాటితో పని ఉంది, చెబుతాను.

నన్ను ఇంటి వైద్యం గురించి మాట్లాడమన్నారు. నేను 34 ఏళ్లు ఏ.ఎన్.ఎం.గా, ఆ తర్వాత సూపర్‌వైజరుగా పనిచేశాను. ఇల్లిల్లూ తిరిగాను. నేను వెళ్లేసరికే చాలా ఇళ్లలో వైద్యం మొదలై ఉండేది. కడుపు ఉబ్బరమంటే పిడికెడు వాము వేయించి, కాస్త ఉప్పు కలిపి నమలమనేవారు. పన్ను సలుపుతుంటే లవంగం పెట్టుకోమనేవారు. గొంతు నొప్పికి ఉప్పు నీళ్లు పుక్కిలించమనేవారు. వీటిలో చాలా వాటికి పస ఉంది. లవంగంలో యూజినాల్ అని ఒక నూనె ఉంటుంది, అది కాసేపు నొప్పిని మొద్దుబారుస్తుంది. పళ్ల డాక్టర్లు తాత్కాలికంగా పన్ను పూడ్చే మందులో కూడా అదే కలుపుతారు. అయితే పుచ్చు మాత్రం లవంగంతో పోదు. రాత్రి గడవడానికి లవంగం, తెల్లారాక డాక్టరు. వాములో థైమాల్ ఉంటుంది, ఆ ఘాటు దానిదే. మన అమ్మమ్మలకి ఈ పేర్లు తెలియకపోయినా గుణం తెలుసు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత ఉంది కదా. ఇన్నేళ్లలో నేను చూసింది అదే. నలభై మైళ్ల అవతల ఎవరో పసరు పోస్తారంటే బండి కట్టించుకుని వెళ్లేవాళ్లు. ఫలానా ఆకు అమావాస్య నాడే కొయ్యాలంటే అమావాస్య దాకా ఆగేవాళ్లు. వంటింట్లో చెయ్యి చాపితే అందే ఉప్పు, పంచదార మందంటే మాత్రం నమ్మేవాళ్లు కాదు. ‘మీ దగ్గర సూది లేదా?’ అని అడిగేవాళ్లు. నా మొత్తం ఉద్యోగంలో ఎక్కువ ప్రాణాలు నిలబెట్టింది ఏదంటే, ఆ రెండు డబ్బాలే. అందుకే ముందు వాటి గురించే చెబుతాను. మిగిలినవి తర్వాత, టైము ఉన్నంత వరకు.

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద ఇక్కడి పెద్దవాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. లంకలు మునిగిపోయాయి. అప్పటికి నేను ఉద్యోగంలో కొత్త. నీళ్లు తీశాక విరేచనాలు మొదలయ్యాయి. ఒక లంకలో, చీకటి పడే వేళకి, ఏడాదిన్నర బాబుని నా ఒడిలో పెట్టారు. కళ్లు లోపలికి పోయాయి. పెదాలు ఎండి తెల్లగా పొరలు కట్టాయి. ఏడుస్తున్నాడు గానీ కంట్లో చుక్క లేదు. పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టుకుని వదిలితే మడత అలాగే నిలబడింది. ‘నీళ్లు పట్టారా?’ అంటే, అమ్మమ్మ అంది: ‘నీళ్లు పడితే ఇంకా అవుతాయి కదమ్మా, నిన్నటి నుంచి ఆపేశాం. పాలు కూడా మాన్పించాం.’ ఆవిడది ప్రేమే. మనకి తరతరాలుగా లంఖణం పరమౌషధం అని నేర్పారు. పెద్దవాళ్లు అజీర్తికి ఒక పూట మానేస్తే నష్టం లేదు. విరేచనాలవుతున్న పసిబిడ్డకి లంఖణం పెడితే ప్రాణం మీదికి వస్తుంది.

ఆ రాత్రికి పడవ లేదు. సెలైన్ ఎక్కించాల్సిన బిడ్డ, ఎక్కించే చోటికి తీసుకెళ్లే దారి లేదు. విరేచనాలకి నీళ్లలో కలిపి పట్టే ఓఆర్ఎస్ పొడి పాకెట్లు నా సంచిలో అయిపోయాయి. ఆ ఇంట్లో ఉప్పు ఉంది, పక్కింట్లో పంచదార ఉంది. నీళ్లు మరగకాచి చల్లార్చి కలిపాం. చెంచాతో మొదలుపెట్టాను. నిమిషానికో చెంచా. నాలుగు చెంచాలకి భళ్లున కక్కేశాడు. అందరూ ‘ఆపెయ్యమ్మా’ అన్నారు. పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాను, ఇంకొంచెం నెమ్మదిగా. తల్లి చేత మధ్య మధ్యలో పాలు ఇప్పించాను. నేను, ఆ తల్లి, అమ్మమ్మ వంతులేసుకుని రాత్రంతా అరుగు మీద అదే పని. తెల్లవారుజామున కోడి కూసే వేళకి నా ఒళ్లో వెచ్చగా తగిలింది. చీర తడిసింది. ఆ బిడ్డ ఉచ్చపోశాడు! నేను గట్టిగా అరిచేశాను, ‘పోశాడమ్మా, ఉచ్చపోశాడు!’ అని. వాళ్లకి అర్థం కాలేదు. ఒంట్లో నీళ్లు లేనప్పుడు మూత్రపిండాలు ఒక్క చుక్క కూడా వదలవు. వదిలాయంటే గండం గడిచినట్టే. పడవ వచ్చాక ఆసుపత్రికి తీసుకెళ్లాం, మూడో నాటికి లేచి ఆడుకున్నాడు.

ఇది ఎలా పనిచేస్తుందో కూడా చెప్పాలి, ఎందుకంటే తెలిస్తే నమ్మకం కుదురుతుంది. విరేచనాలప్పుడు వట్టి నీళ్లు ఎన్ని తాగినా పేగు వాటిని సరిగా పీల్చుకోదు. ఉప్పు ఒక్కటే ఇచ్చినా అంతే. పేగు గోడలో ఒక ద్వారం ఉంది, అది ఉప్పునీ గ్లూకోజునీ జంటగా వస్తేనే లోపలికి తీసుకుంటుంది. ఆ రెండూ వెళితే వాటి వెంట నీళ్లు వెళతాయి. కలరా వచ్చినా ఈ ద్వారం చెడిపోదు. అందుకే రెండూ కావాలి, అదీ కొలత ప్రకారం కావాలి.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం అప్పుడు లక్షల మంది శరణార్థులు బెంగాల్లోకి వచ్చిపడ్డారు. బన్‌గావ్ అనే సరిహద్దు ఊళ్లో కలరా. ఆసుపత్రి నేల మీద రోగులు, ఆ వాంతుల్లో విరేచనాల్లోనే మోకాళ్ల మీద కూర్చుని సెలైన్ పెట్టాల్సిన పరిస్థితి. ఆ సెలైన్ కూడా అయిపోతోంది. దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు గ్లూకోజు, ఉప్పు, వంటసోడా తూచి పొట్లాలు కట్టించి, నీళ్లలో కలిపి డ్రమ్ముల్లో పోయించాడు. రోగుల అమ్మలు, అక్కలు, అన్నలు గ్లాసులతో పట్టుకెళ్లి వాళ్లే తాగించారు. నర్సు లేదు, సూది లేదు. అంతకుముందు నూటికి 30 మంది దాకా పోతుంటే, ఈ నీళ్లు పట్టిన చోట అది నూటికి నలుగురి లోపుకి దిగింది. 2022లో ఆయన పోయారు. మరుసటి ఏడు ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చింది. ఆయన పేరు మన పిల్లల పాఠాల్లో ఉండాలని నా కోరిక.

మన వాళ్ల సంగతి కూడా ఒకటి చెప్పాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే విరేచనాల జబ్బుతోనే పోయారు, మన వైపు గ్రహణి అనేవాళ్లు. ఆయనకీ వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు, తర్వాత ఆయుర్వేద కళాశాలలోనే పాఠాలు చెప్పారు. బతికించిన వైద్యం మీద గౌరవం ఉంచుకుని కూడా, జబ్బుకి కారణం ఏమిటని వెతుక్కుంటూ అమెరికా వెళ్లారు. 1945లో ఆయన నడిపిన పరిశోధన బృందమే ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. అది స్ప్రూకి మందు. మీరంతా కడుపుతో ఉన్నప్పుడు నేను తెచ్చి ఇచ్చిన ఐరన్ మాత్రలో ఉండేది కూడా అదే. మన జిల్లా మనిషి చేసిన పని అది. మందు ఇంటిదా, కంపెనీదా అనే గొడవ ఆయనకి లేదు. పనిచేస్తుందా, ఎందుకు చేస్తుంది, అంతే అడిగారు.

సరే, ఇప్పుడు కలుపుదాం. ఇది లీటరు సీసా. ఇంట్లో చెంబుతో కొలవకండి, ఏ చెంబు ఎంత పడుతుందో ఎవరికీ తెలీదు. ఇదిగో టీ చెంచా. పంచదార ఇలా గోపురంలా తీస్తాం మనం మామూలుగా. అలా పనికిరాదు. సోలతో బియ్యం కొలిచేటప్పుడు తలకొట్టి కొలుస్తామే, అలా చాకు వెనకతో పైన గీసెయ్యాలి. చూడండి, చదునుగా వచ్చింది. ఒకటి... రెండు... మీరు కూడా లెక్కపెట్టండి. ఆరు. ఇప్పుడు ఉప్పు. చెంచా నింపి తలకొట్టాను. దీన్ని చాకు మొనతో నిలువునా సగానికి గీసి, ఒక సగం డబ్బాలోకి తోసేస్తున్నాను. మిగిలిన సగం, ఈ అరచెంచాయే పడాలి. ఎక్కువైతే ప్రమాదం. పసిపిల్లల ఒంట్లో ఉప్పు పెరిగితే ఫిట్స్ వస్తాయి. అందుకని కలిపాక మీరు ఒక గుక్క రుచి చూడాలి. మన కన్నీళ్ల కంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపండి. మొహమాటం వద్దు, పంచదార పోయిందే అనుకోవద్దు. ఒకసారి కలిపింది ఇరవై నాలుగు గంటలే. మర్నాటికి కొత్తది.

రెండేళ్ల లోపు బిడ్డకి విరేచనం అయినప్పుడల్లా పావు కప్పు నుంచి అరకప్పు, అదీ చెంచాతో. కాస్త పెద్ద పిల్లలకి అరకప్పు నుంచి కప్పు. తల్లిపాలు ఒక్క పూట కూడా ఆపొద్దు. అన్నం తినే పిల్లలకి మెత్తటి అన్నం, పెరుగు, అరటిపండు పెట్టండి. ఉప్పు వేసిన గంజి చాలా మంచిది. గంజిలో పిండిపదార్థం పేగులో గ్లూకోజుగా మారుతుంది కాబట్టి అదీ ఇదే పని చేస్తుంది. ఉప్పేసిన పల్చటి మజ్జిగా మంచిదే.

ఆశా దగ్గర, ఆరోగ్య కేంద్రంలో ఓఆర్ఎస్ పాకెట్లు ఉచితంగా ఇస్తారు. అవి దొరికితే ఇంట్లో కలిపిన దాని కంటే అవే మేలు, వాటిలో పొటాషియం కూడా ఉంటుంది. పాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపండి. కొంతమంది గ్లాసుడు నీళ్లలో చిటికెడు పొడి వేసి మిగతాది మడిచి దాస్తారు, అలా కొలత పోతుంది. పాకెట్‌తో పాటు జింకు మాత్రలు అడగండి. విరేచనాలు కట్టినా పధ్నాలుగు రోజులూ వెయ్యాలి, మళ్లీ తొందరగా రాకుండా ఉంటుంది.

ఇంకో మాట. మందుల షాపులో, కిరాణా కొట్లో అట్టపెట్టెల్లో పళ్లరసాల రుచితో, ఓఆర్ఎస్ అని పేరు పెట్టి అమ్మేవాళ్లు. వాటిలో పంచదార విపరీతం. అంత పంచదార పేగులోకి వెళితే నీళ్లని లోపలికి పీల్చే బదులు బయటికి లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. హైదరాబాదులో శివరంజని సంతోష్ అనే పిల్లల డాక్టరమ్మ ఏళ్ల తరబడి ఒంటరిగా పోట్లాడింది దీని మీద. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కొలత ప్రకారం లేని పానీయాలకి ఆ పేరు వాడకూడదని ఆదేశమిచ్చింది. ఆ వార్త చదివిన రోజు నాకు ఆ లంక ఇంటి అరుగే గుర్తొచ్చింది.

ఎప్పుడు పరిగెత్తాలో కూడా చెప్పాలి. విరేచనంలో రక్తం కనబడినా, బిడ్డ తాగలేకపోతున్నా, మత్తుగా పడి ఉన్నా, ఆరు గంటలు ఉచ్చపోయకపోయినా, కళ్లు లోపలికి పోయినా, ఆగొద్దు. ఆసుపత్రికి వెళుతూ దారిలో కూడా చెంచాతో పడుతూనే ఉండండి.

ఇక దగ్గు, జలుబు. శొంఠి లేని కషాయం లేదంటారు. మా ఇంట్లో ఇప్పటికీ చేస్తాను. రెండు గ్లాసుల నీళ్లలో దంచిన అల్లం, నాలుగు మిరియాలు, గుప్పెడు తులసాకులు వేసి గ్లాసుకి దింపుతాను. వేడివేడిగా తాగితే గొంతు గరగర తగ్గుతుంది, కఫం వదులవుతుంది. జలుబు మాత్రం దాని లెక్క ప్రకారం వారం పది రోజులుంటుంది, కషాయం తాగినా అంతే. కాబట్టి తగ్గలేదని రోజుకి ఐదారు సార్లు తాగి కడుపులో మంట తెచ్చుకోకండి. అతిమధురం వేసుకునేవాళ్లు బీపీ ఉంటే మానెయ్యండి, అది బీపీ పెంచుతుంది.

ఏడాది దాటిన పిల్లలకి దగ్గుకి పడుకునే ముందు అరచెంచా తేనె చక్కగా పనిచేస్తుంది. ఏడాది లోపు బిడ్డకి తేనె నాలిక్కి కూడా రాయకండి. పుట్టగానే తేనె నాకించే ఆచారం ఉంది, నాకు తెలుసు. తేనెలో ఒక రకం బాక్టీరియా గింజలు ఉండొచ్చు, పెద్దవాళ్ల పేగులో అవి ఏమీ చెయ్యవు, పసిపేగులో మొలకెత్తి విషం పుట్టిస్తాయి. బిడ్డ మెడ వాలిపోతుంది, పాలు పీల్చలేదు. మరగబెట్టినా ఆ గింజలు చావవు. కర్పూరం కూడా అంతే. కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి పసివాళ్ల ఛాతీకి రాస్తారు, ముక్కు దగ్గర పెడతారు. వద్దమ్మా. పొరపాటున ఒక చిన్న బిళ్ల నోట్లో పెట్టుకున్నా ఫిట్స్ వస్తాయి. దేవుడి గూట్లో కర్పూరం డబ్బా పిల్లలకి అందని ఎత్తులో పెట్టండి.

అలాగని చిన్న పిల్లలకి దగ్గు సిరప్ తెచ్చి పట్టమని కాదు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు సిరప్ తాగి పసిపిల్లలు చనిపోయారు. రెండేళ్ల లోపు వాళ్లకి దగ్గు జలుబు మందులు వాడొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ అప్పుడే రాష్ట్రాలకి చెప్పింది. మరేం చెయ్యాలి? పాలు పట్టండి, ముక్కు శుభ్రం చెయ్యండి, బిడ్డ పొట్ట మీద చొక్కా తీసి ఊపిరి లెక్కపెట్టండి. గడియారం చూసుకుంటూ నిండా ఒక నిమిషం. రెండు నెలల లోపు బిడ్డకి 60 గానీ, ఏడాది లోపు 50 గానీ, ఐదేళ్ల లోపు 40 గానీ, అంతకంటే ఎక్కువ గానీ వచ్చిందా, అది నిమోనియా కావచ్చు. డొక్కలెగరేస్తుంటే ఇంక లెక్కపెట్టొద్దు, లేచి బయల్దేరండి. పెద్దవాళ్లలో రెండు వారాలు దాటిన దగ్గుకి కఫం పరీక్ష చేయించండి, కషాయం మార్చి చూడకండి.

(సభలో ఒకరు: అమ్మా, ఇడ్లీ పాత్ర మూత తీస్తే ఆవిరికి చెయ్యి కాలింది. టూత్ పేస్టు రాశాను, మంచిదేనా?)

మంచిది కాదు తల్లీ. ఏదీ, చూపించు. ...పొక్కు చితకలేదు, నయం. పేస్టు, ఇంకు, కాఫీ పొడి, ఇడ్లీ పిండి, పసుపు, ఏదీ వద్దు. కాలిన చర్మం లోపల వేడి ఇంకా ఉడికిస్తూనే ఉంటుంది. పైన పూత వేస్తే ఆ వేడి లోపలే ఉండిపోతుంది, డాక్టరు మళ్లీ దాన్ని గోకి తియ్యాలి. కుళాయి విప్పి దాని కింద చెయ్యి పెట్టు, ఇరవై నిమిషాలు. రెండు నిమిషాలకి చల్లబడింది కదా అని తీసెయ్యకు, పూర్తి ఇరవై నిమిషాలు. కుళాయి లేకపోతే చెంబుతో పోస్తూ ఉండాలి. గాజులు, ఉంగరాలు వెంటనే తియ్యాలి, వాచిపోతే రావు. ఐసు పెట్టొద్దు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి, అరచేయంత కన్నా పెద్దదైనా, మొహం మీదైనా, పిల్లలకైనా ఆసుపత్రికి వెళ్లండి. జలుబుకి ఆవిరి పట్టేటప్పుడు గిన్నె ఒలికి పిల్లలు కాలిన కేసులు నేను చాలా చూశాను. ఆవిరితో ముక్కు కాసేపు తేలికవుతుంది, అంతే. పిల్లలకి వద్దు.

(మరొకరు: కుక్క కరిస్తే కారం పెడతారు కదండీ?)

పెడతారు, సున్నం కూడా పెడతారు. ఈ ఒక్క విషయంలో నేను కోప్పడతాను, ఏమీ అనుకోకండి. కారం పెడితే పుండు రేగుతుంది, విషం లోపలికే పోతుంది. సబ్బు రాసి ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగండి. సబ్బు ఆ వైరస్ పొరని చీల్చేస్తుంది. ఇదే అక్కడ ఇంటి వైద్యం. కడిగి ఆ రోజే టీకాకి వెళ్లండి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. మొదటి టీకా వేసిన రోజు, దాని తర్వాత మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. ఒక్కటి కూడా వదలొద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక కాపాడుకోవడం దాదాపు అసాధ్యం. పెంపుడు కుక్కయినా, చిన్న గీత అయినా వెళ్లాల్సిందే.

(ఒక పెద్దావిడ: మా అబ్బాయికి పచ్చకామెర్లు పసరుతోనే తగ్గాయమ్మా.)

తగ్గి ఉంటాయి అమ్మమ్మగారూ, నేను కాదనను. నీళ్ల వల్ల వచ్చే కామెర్లు చాలా మందిలో కొద్ది వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. ఆ వారాల్లో ఏది ఇచ్చినా పేరు దానికే వస్తుంది. అదే హెపటైటిస్ బి అయితే, పిత్తనాళంలో రాయి అడ్డుపడితే, కడుపుతో ఉన్న అమ్మాయికి వస్తే, పసరు పోసుకుంటూ కూర్చున్న రోజులన్నీ నష్టమే. చేతి మీద వాతలు పెట్టించుకుని, ఆ వాతలు చీము పట్టి వచ్చిన వాళ్లకి నేను కట్లు కట్టాను. ముందు రక్తపరీక్ష చేయించండి. ఏ రకమో తెలిశాక పథ్యం ఎలాగూ మీ చేతుల్లోనే ఉంటుంది.

బాలింతలు ఉన్న ఇళ్లకి ఒకటే చెబుతాను: బొడ్డు మీద పసుపు, బూడిద, ఆముదం, ఏవీ పెట్టకండి. పొడిగా వదిలెయ్యండి, అదే రాలిపోతుంది. పసికందుల ధనుర్వాతం ఈ దేశంలో దాదాపు పోయిందని 2015లో ప్రకటించారు. దాని వెనక నాలాంటి వేల మంది తిరిగిన తిరుగుడు ఉంది. మళ్లీ రానివ్వకండి.

టైము అయిందని లైబ్రేరియన్ గారు చూస్తున్నారు. ఇంకొక్క పది నిమిషాలు ఇవ్వండి సార్. నేను కలపడం మీరు చూశారు, అది చాలదు. చెయ్యి తిరగాలి. ఇంకో నాలుగు సీసాల మంచినీళ్లు తెచ్చాను. ఆ నీలం చీర అమ్మాయి, చంకలో పిల్లాడున్నావిడ, నువ్వు ముందు రా తల్లీ. బాబుని ఇలా ఇవ్వు, నేనెత్తుకుంటాను. చెంచా తీసుకో. ఊఁ, పైన గీసెయ్యి... ఇంకా కొంచెం గోపురం ఉంది, మళ్లీ గియ్యి. ఆఁ, అలాగ. అందరూ గట్టిగా లెక్కపెట్టండి, ఒకటి...